బెండు కట్టుకున్న రికార్డులు

మా తాతయ్యగారి ఊరు గోదావరి డెల్టాలో ఉంది. పెరడు దాటితే పంట కాలువ. నాన్నది బదిలీల ఉద్యోగం కాబట్టి మేము ఏ రాష్ట్రంలో ఉన్నా దసరా సెలవులకు మాత్రం అక్కడికే చేరేవాళ్లం. నేను ఈత నేర్చుకున్నది ఆ కాలువలోనే, నాలుగో తరగతిలో. మొదటి వారం నా నడుముకు రెండు ఎండిన ఆనపకాయ బుర్రలు కట్టారు. మునిగిపోతానన్న భయం లేదు కదా, రెండో రోజుకే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వెళ్లిపోయి "తాతయ్యా, నాకు ఈత వచ్చేసింది!" అని అరిచాను. తాతయ్య తాటిదుంగ మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, "ఈదింది నువ్వు కాదురా, బుర్రలు" అన్నారు.

అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. కాళ్లూ చేతులూ ఆడించింది నేనే కదా! ఇప్పుడు పదకొండో తరగతిలో ద్రవాల పాఠం చదువుతూ, విద్యాలయ ఈత జట్టులో ఉంటూ, ఆ మాట గురించి మళ్లీ ఆలోచించాను. ఎందుకంటే సరిగ్గా అదే వాదన 2008, 2009 సంవత్సరాల్లో ప్రపంచ ఈత పోటీలను కుదిపేసింది. అక్కడ ఆనపకాయ బుర్రల బదులు పాలీయురెథేన్ అనే పదార్థం ఉంది, అంతే తేడా.

2009 జూలై చివర్లో రోమ్ నగరంలో ప్రపంచ ఈత పోటీలు జరిగాయి. కొలనులో పోటీలు ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. ఒక ప్రపంచ రికార్డు పడితే స్టేడియం అంతా లేచి నిలబడుతుంది. రోజుకు అయిదారు పడుతుంటే? మూడో రోజుకల్లా రికార్డు రాకపోతేనే వింతగా ఉండే పరిస్థితి వచ్చింది. మనుషులు ఒక్క ఏడాదిలో అంత మారిపోరు. మారింది ఒంటి మీద బట్ట.

బట్టకు అంత శక్తి ఎలా వచ్చిందో అర్థం కావాలంటే నీళ్లు ఈతగాడిని ఎలా ఆపుతాయో ముందు చూడాలి. నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ. పరుగు పందెంలో గాలి పెద్ద అడ్డంకి కాదు, ఈతలో నీళ్లే అసలు ప్రత్యర్థి. అది మూడు విధాలుగా అడ్డుపడుతుంది. శరీరం ముందు భాగంలో పీడనం పెరిగి, వెనక సుడులు పుట్టి వెనక్కి లాగడం ఒకటి. నీటి పైభాగంలో అలలు లేపడానికి మన శక్తి ఖర్చు కావడం రెండోది. చర్మానికీ నీటికీ మధ్య ఘర్షణ మూడోది. ఈ నిరోధం సుమారుగా వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం రెట్టింపు చేయాలంటే నాలుగు రెట్ల నిరోధాన్ని ఎదుర్కోవాలి, దానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లు. లెక్క తిరగేసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అదే ఈతగాడు అదే బలంతో ఈదుతూ, నిరోధం ఒక్క 3 శాతం తగ్గితే వేగం దాదాపు 1 శాతం పెరుగుతుంది. 47 సెకన్ల పందెంలో 1 శాతం అంటే అర సెకను. బీజింగ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మైకేల్ ఫెల్ప్స్ మిలోరాద్ చావిచ్ మీద గెలిచింది 0.01 సెకను తేడాతో. అలాంటి చోట అర సెకను అంటే కొండంత.

ఈత దుస్తుల మీద నియమాలు కొత్తవేమీ కావు. అయితే మొదట్లో గొడవ వేగం గురించి కాదు, మర్యాద గురించి. ఒకప్పుడు ఉన్నితో చేసిన ఈత దుస్తులు వేసుకునేవారు. తడిస్తే అవి ఎంత బరువెక్కేవో, తడిసిన స్వెట్టరు పిండిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా అమ్మాయి క్లేర్ డెన్నిస్ వేసుకున్న స్విమ్‌సూట్‌లో భుజాల వెనక భాగం మరీ ఎక్కువగా కనిపిస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఆ ఫిర్యాదు కొట్టేశారు, ఆమె 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో స్వర్ణం గెలిచింది. అప్పట్లో బట్ట తక్కువైందని తగువు. డెబ్బయి ఏళ్లు దాటాక బట్ట ఎక్కువైందని తగువు!

తర్వాత నైలాన్, లైక్రా వచ్చాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి మెడ నుంచి చీలమండ దాకా కప్పే సూట్లు కనిపించాయి. స్పీడో కంపెనీ ఫాస్ట్‌స్కిన్ సూట్‌ను సొరచేప చర్మం చూసి తయారు చేశామని చెప్పింది. సొరచేప ఒంటి మీద పళ్లలాంటి సన్నని పొలుసులుంటాయి, అవి నీటి ప్రవాహాన్ని మచ్చిక చేసుకుంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జ్ లాడర్ అనే శాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ గుడ్డ పైనున్న గీతలు సొరచేప పొలుసుల్లా పనిచేయడం లేదని తేలింది. అంటే సూట్ వల్ల లాభమే లేదని కాదు. లాభం సొరచేప వల్ల కాదు, ఒంటిని బిగించి పట్టడం లాంటి వేరే కారణాల వల్ల అని. ప్రకటనలో చెప్పే కారణమూ అసలు కారణమూ ఒకటే కానక్కర్లేదని నాకు ఈ కథలో బాగా నచ్చిన సంగతి.

అసలు తుపాను 2008 ఫిబ్రవరిలో వచ్చింది, ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ అనే సూట్ రూపంలో. దాని కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సాయం తీసుకున్నారు. విమానాల నమూనాలను పరీక్షించే విండ్ టన్నెల్‌లో అరవైకి పైగా గుడ్డలను పెట్టి ఏది తక్కువ ఘర్షణ ఇస్తుందో చూశారు. సూట్‌లో కుట్లు లేవు. ముక్కలను అతిధ్వని తరంగాలతో అతికించారు, ఎందుకంటే కుట్టు దగ్గర గుడ్డ ఉబ్బెత్తుగా ఉండి నీళ్లను ఆపుతుంది. ఛాతీ, పొట్ట, తొడల దగ్గర పాలీయురెథేన్ పలకలు అతికించారు. ఆ సూట్ శరీరాన్ని ఎంత గట్టిగా బిగిస్తుందంటే, వేసుకోవడానికి 20, 30 నిమిషాలు పట్టేది. కండలు, పొట్ట, అన్నీ ఒక గొట్టంలో కూరినట్టు నున్నగా అయిపోతాయి. నీటికి తగిలే ఆకారం చిన్నదవుతుంది, పొట్ట నడుము బిగిసి ఉండడం వల్ల అలసిపోయినా కాళ్లు కిందికి వేలాడవు.

బీజింగ్ ఒలింపిక్స్‌లో 25 ప్రపంచ రికార్డులు పడితే వాటిలో 23 ఈ సూట్ వేసుకున్నవాళ్లవే. సూట్ ధర అప్పట్లో 550 డాలర్లు, మన లెక్కలో ఇరవై వేల రూపాయలు దాటుతుంది. పైగా కొన్ని పందేలకే సాగిపోయి పనికిరాకుండా పోయేది.

ఇక్కడ జపాన్ కథ చెప్పాలి. జపాన్ జట్టుకు అప్పట్లో మూడు స్వదేశీ కంపెనీలతో ఒప్పందం ఉంది, వాళ్ల సూట్లే వేసుకోవాలి. 2008 జూన్‌లో టోక్యోలో జరిగిన పోటీల్లో ఈతగాళ్లు కొత్త సూట్ వేసి చూసుకున్నారు. కొసుకె కితాజిమ అందులో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను 2 నిమిషాల 7.51 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు సృష్టించాడు. అంతే, ఒప్పందం పక్కకు పోయింది. ఎవరికి ఏది కావాలంటే అది వేసుకోవచ్చని వాళ్ల సమాఖ్య ప్రకటించింది. ఆ పోటీల్లో కితాజిమ ఒక టీషర్టు వేసుకుని వచ్చాడు. దాని మీద, ఈదేది నేను అని అర్థం వచ్చే మాట రాసి ఉంది. ఆ వాక్యం చదవగానే నాకు మా కాలువ గట్టు గుర్తొచ్చింది. నేను తాతయ్యకు చెప్పబోయి చెప్పలేకపోయిన జవాబు అదే.

మరి ఎవరిది నిజం? ఆ ప్రశ్నకు 2009 తొందరగానే జవాబు చెప్పింది.

ఒక కంపెనీ పలకలు అతికిస్తే, మిగతా కంపెనీలు సూట్ మొత్తాన్నే పాలీయురెథేన్‌తో చేసేశాయి. ఇటలీ కంపెనీల జేకెడ్, అరేనా ఎక్స్‌గ్లైడ్ సూట్లు అలా వచ్చాయి. ఈ పదార్థంలోంచి నీళ్లూ పోవు, గాలీ పోదు. అందువల్ల చర్మానికీ సూట్‌కూ మధ్య గాలి చిక్కుకుంటుంది. మనం తొమ్మిదో తరగతిలో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం గుర్తుందా? చిక్కుకున్న గాలి ఎంత నీటిని పక్కకు తోస్తుందో అంత బరువుకు సమానమైన ఉత్ప్లవన బలం పైకి లేపుతుంది. ఒంటిలో ఎక్కువ భాగం నీటి పైకి వస్తే అది 800 రెట్లు పలచటి గాలిలో కదులుతుంది. ఇక కొందరు ఒకదాని మీద ఒకటి రెండు సూట్లు వేసుకోవడం మొదలుపెట్టారు, ఇంకొంచెం గాలి పట్టడానికి. బెండ్లు ఒకటి చాలక రెండు కట్టుకున్నట్టు. అంత బిగుతు బట్టలు కాబట్టి చిరిగిపోయేవి కూడా. రోమ్‌లో అమెరికా రిలే జట్టు ఈతగాడు రికీ బెరెన్స్ నీళ్లలోకి దూకగానే సూట్ వెనకవైపు చిరిగిపోయింది. అయినా ఆగకుండా తన వంతు పూర్తి చేశాడు. మా జట్టులో ఈ సంగతి చెబితే పది నిమిషాలు నవ్వారు, కానీ నాకు ఆ కుర్రాడి పట్టుదలే గొప్పగా అనిపించింది.

అదే పోటీల్లో 200 మీటర్ల ఫ్రీస్టయిల్ ఫైనల్. బీజింగ్‌లో ఫెల్ప్స్ దీన్ని 1 నిమిషం 42.96 సెకన్లలో గెలిచాడు. జర్మనీకి చెందిన పాల్ బీడెర్మన్ అప్పుడు 1 నిమిషం 46 సెకన్లతో అయిదో స్థానం. ఏడాది తిరగకుండానే రోమ్‌లో బీడెర్మన్ 1 నిమిషం 42.00 సెకన్లకు ఈదేశాడు. ఫెల్ప్స్ 1 నిమిషం 43.22 సెకన్లతో రెండో స్థానంలో ఉండిపోయాడు. నాలుగు సెకన్లు! ఈ స్థాయిలో నాలుగు సెకన్లు తగ్గించుకోవడానికి కొందరికి జీవితకాలం సరిపోదు. దానికి రెండు రోజుల ముందే అతను 400 మీటర్లలో ఇయాన్ థోర్ప్ 2002 నాటి రికార్డును 0.01 సెకనుతో దాటాడు. బీడెర్మన్ నిజాయితీపరుడు, సూట్ వల్ల తేడా వచ్చిందని తనే ఒప్పుకున్నాడు. నిషేధం అమలయ్యేదాకా ఫెల్ప్స్‌ను అంతర్జాతీయ పోటీలకు పంపనని అతని కోచ్ బాబ్ బౌమన్ బెదిరించాడు.

ఇక్కడ నాకు ఒక చిన్న అభ్యంతరం ఉంది. ఫెల్ప్స్ రోమ్‌లో వేసుకున్నది ఏడాది కిందటి ఎల్‌జెడ్‌ఆర్ సూట్. బీజింగ్‌లో ఆ సూట్ అందరికంటే ముందున్నప్పుడు అతని శిబిరం నుంచి ఇంత గట్టి కోపం వినిపించలేదు. ఎదుటివాడి బుర్ర పెద్దదైనప్పుడే మనకు న్యాయం గుర్తొస్తుంది.

ఇంకో విచిత్రం చూడండి. వేగాన్నీ తేలే శక్తినీ పెంచే ఏ సాధనమూ వాడకూడదన్న నియమం అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫినా పుస్తకంలో ముందునుంచీ ఉంది. కాళ్లకు రెక్కలు, చేతులకు బాతు కాళ్లలాంటి తొడుగులు అందుకే నిషిద్ధం. కానీ ఎంత తేలితే తప్పు అన్నది ఎవరూ కొలవలేదు. కొలత లేని నియమం తూకంరాయి లేని త్రాసు. 2008 ఏప్రిల్‌లో ఫినా ఆ సూట్‌కు ఆమోదం కొనసాగించింది. 2009 మార్చిలో దుబాయ్‌లో మొదటిసారి మందం, తేలే శక్తి హద్దులు పెట్టారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయంలో 348 సూట్లను పరీక్షిస్తే 202 నెగ్గాయి, 10 తిరస్కరించారు, మిగిలిన 136 మార్చి తీసుకురమ్మన్నారు. అయినా కంపెనీల ఒత్తిడితో రోమ్ దాకా దాదాపు అన్నీ కొలనులోకి వచ్చేశాయి. చివరికి రోమ్‌లోనే, ఆ రికార్డులు పడుతున్న రోజుల్లోనే, ఫినా సభ్య దేశాలు 168 ఓట్లకు 6 తేడాతో వీటికి స్వస్తి పలికాయి.

2010 జనవరి 1 నుంచి వచ్చిన నియమాల్లో ఒక్కొక్కటీ ఒక్కో గడుసుతనానికి మందులా ఉంటుంది. మగవాళ్ల సూట్ నడుము నుంచి మోకాలు వరకే, ఆడవాళ్లది భుజం నుంచి మోకాలు వరకే ఉండాలి. మెడ కప్పకూడదు. కప్పే చోటు తగ్గితే గాలి చిక్కే చోటూ తగ్గుతుంది. నేసిన లేదా అల్లిన గుడ్డే కావాలి. జిప్పులు ఉండకూడదు, ఎందుకంటే జిప్పు ఉంటేనే ఒంటికి పట్టనంత బిగుతు సూట్‌లోకి మనిషిని కూరగలరు. మగవాళ్ల సూట్‌కు నాడా మాత్రం ఉండవచ్చు. ఒకసారి ఒక సూట్ మాత్రమే. గుడ్డ మందం 0.8 మిల్లీమీటర్లు దాటరాదు. చదరపు మీటరు గుడ్డలోంచి సెకనుకు 80 లీటర్లకు మించి గాలి దూరిపోగలగాలి, లోపల బుడగలా నిలవకూడదు.

అన్నిటికంటే నాకు ఆసక్తి కలిగించింది తేలే శక్తి హద్దు. అది 0.5 న్యూటన్. వినడానికి ఏదో చిన్న అంకె. లెక్క వేసి చూశాను. ఒక న్యూటన్ ఉత్ప్లవన బలం రావాలంటే సుమారు 100 మిల్లీలీటర్ల నీటిని పక్కకు తోయాలి, అంటే ఓ టీ గ్లాసెడు. అర న్యూటన్ అంటే అర గ్లాసు. అంతకంటే ఎక్కువ గాలిని మోసే సూట్ చెల్లదు. మా తాతయ్య కట్టిన బుర్రలు ఒక్కొక్కటీ రెండు లీటర్లయినా ఉంటాయి. అంటే నేను ఫినా హద్దుకు ఎనభై రెట్లు పైన ఈదాను!

ఇప్పుడు ఫినా పేరు వరల్డ్ ఆక్వాటిక్స్. సూట్లను ముందే పరీక్షించి, ఆమోదించిన వాటి జాబితా ప్రచురిస్తారు, సూట్ మీద ఆమోద ముద్ర ఉంటుంది. పెద్ద పోటీల్లో పందేనికి ముందు ఈతగాళ్లు కూర్చునే గదిలో అధికారులు ఆ ముద్ర చూస్తారు.

సాంకేతికతనే కాదనలేదన్నది గమనించాలి. ఇప్పటి సూట్లలోనూ చాలా శాస్త్రం ఉంది. ఆ మాటకొస్తే కొలను కూడా సాంకేతికతే. బీజింగ్ కొలను లోతు 3 మీటర్లు, అడుగున తగిలి అలలు తిరిగి రాకుండా. వరుసల మధ్య తాళ్లు అలలను మింగేస్తాయి. వెనక కాలు ఆనించుకునే పలక ఉన్న దూకుడు దిమ్మెలు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. వీటిని ఎవరూ నిషేధించలేదు. ఎందుకని చాలాసేపు ఆలోచించాను. కొలను లోతు ఎనిమిది మందికీ ఒకటే. సూట్ అలా కాదు. డబ్బున్న జట్టుకు దొరుకుతుంది, లేనివాళ్లకు దొరకదు. పైగా అందరి ఒంటికీ ఒకేలా సాయం చేయదు. ముందే సన్నగా, తేలికగా తేలే మనిషికి కొంచెం, కండలూ పొట్టా బరువైన మనిషికి చాలా ఎక్కువ లాభమని కోచ్‌లు అప్పుడే మొత్తుకున్నారు. అంటే ఎవరు ఎంత సాధన చేశారన్నది కాకుండా, ఎవరి ఒళ్లు ఏ సూట్‌కు సరిపడిందన్నది ఫలితం తేల్చేస్తుంది.

నియమాలు పెట్టేవాళ్లు ఒక్కోసారి అతిగా కూడా పోతారు. ఒత్తయిన ఉంగరాల జుట్టు ఉన్నవాళ్ల కోసం చేసిన సోల్ క్యాప్ అనే పెద్ద టోపీని టోక్యో ఒలింపిక్స్‌కు ముందు ఒప్పుకోలేదు. దానితో వేగం పెరగదు సరికదా, తగ్గవచ్చు కూడా. విమర్శలు వచ్చాక 2022లో ఒప్పుకున్నారు. ఇక నదులు, సముద్రాల్లో ఈదే సుదూర పోటీల్లో నీరు 18 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తేలే శక్తి ఉన్న వెట్‌సూట్ తప్పనిసరి. అక్కడ వేగం కంటే ప్రాణం ముఖ్యం.

మన దేశం సంగతికి వస్తే, కొత్త నియమాలు వచ్చిన ఏడాదే, 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కొల్హాపూర్ కుర్రాడు వీర్‌ధవల్ ఖాడే 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం గెలిచాడు. 1986లో ఖజాన్ సింగ్ రజతం తర్వాత ఈతలో మనకు వచ్చిన పతకం అదే. గుడ్డ సూట్‌తో వచ్చిన పతకం అని నేను ప్రత్యేకంగా సంతోషించాను.

నా సొంత అనుభవం కూడా ఒకటి చెప్పేస్తాను. పోయిన ఏడాది ప్రాంతీయ పోటీల్లో నా పక్క వరుస కుర్రాడు ఖరీదైన మోకాలి సూట్ వేసుకొచ్చాడు. నేను అర మీటరు తేడాలో ఓడిపోయి, ఇంటికి ఫోన్ చేసి సూట్ వల్లే అన్నాను. తర్వాత మా స్నేహితుడు తీసిన వీడియో చూస్తే, గోడ దగ్గర మలుపు తిరగడంలోనే నేను ఒక సెకను పోగొట్టుకున్నాను. సూట్‌ను నిందించడం కూడా ఒక రకం బెండే. అమెరికాలో 12 ఏళ్లలోపు పిల్లలకు ఇలాంటి ఖరీదైన పోటీ సూట్లను 2020లో నిషేధించారు. ముందు మలుపు నేర్చుకోండిరా అన్నట్టుంది.

పాత రికార్డులను ఫినా కొట్టేయలేదు, పక్కన చుక్క గుర్తు కూడా పెట్టలేదు. దాంతో గుడ్డ కట్టుకున్నవాళ్లు బెండు కట్టుకున్నవాళ్లతో పోటీ పడాల్సి వచ్చింది. బీడెర్మన్ 2011లో మోకాలి సూట్‌తో 1 నిమిషం 44.88 సెకన్లకు ఈది కాంస్యం తెచ్చుకున్నాడు. అంటే అతను ఉత్తి సూట్ మనిషి కాదు, కానీ 42.00 అతనికే అందలేదు. 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో సీజర్ సియెలో రోమ్‌లో పెట్టిన 46.91 సెకన్ల రికార్డు పదమూడేళ్లు నిలిచింది. 2022 ఆగస్టులో రొమేనియాకు చెందిన డేవిడ్ పోపోవిచ్ అదే రోమ్‌లో, అదే కొలనులో 46.86 సెకన్లకు ఈదాడు. అప్పటికి అతనికి 17 ఏళ్లు, మన పన్నెండో తరగతి అన్నయ్యల వయసు. 2024లో చైనా ఈతగాడు పాన్ ఝాన్లె దాన్ని 46.40కి తీసుకెళ్లాడు. బీడెర్మన్ 400 మీటర్ల రికార్డును 2025 ఏప్రిల్‌లో అతని దేశంవాడే అయిన లుకాస్ మార్టెన్స్ బద్దలు కొట్టి, మొదటిసారి 3 నిమిషాల 40 సెకన్ల లోపుకు వచ్చాడు.

మహిళల 200 మీటర్ల బటర్‌ఫ్లైలో చైనా అమ్మాయి లియు జిగె 2009లో పెట్టిన 2 నిమిషాల 1.81 సెకన్ల రికార్డు మాత్రం చాలా మొండిది. 2025లో సింగపూర్‌లో కెనడా అమ్మాయి సమ్మర్ మెకింటోష్ దాని వెంటపడి 2 నిమిషాల 1.99 సెకన్లకు చేరింది. తేడా 0.18 సెకను. గెలిచాక కూడా గడియారం వైపు చూసి ఆమె నిరాశపడింది. దసరాకు ఊరెళ్లినప్పుడు ఆ వీడియో తాతయ్యకు చూపించాను. మొత్తం చూసి, "ఈ పిల్లకి బుర్రలు లేవు కదా?" అని అడిగారు. లేవన్నాను. "అయితే మళ్లీ పెట్టు" అన్నారు.